ఉద్యోగి స్వంత వ్యాపారం వైపు ఎందుకు చూస్తున్నాడు?

(రైల్వే, తపాలా శాఖల బ్రాంచి కార్యదర్శుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుండి ఈ తరగతిలో వేతనాల గురించి, ఖాళీల భర్తీ గురించి, పింఛను గురించి విపులంగా చర్చించుకున్నాము. నాకు అప్పగించిన విషయం మాత్రం మన మహాసభల తీర్మానాలలో సాధారణంగా కనిపించనిది. కానీ రన్నింగ్ రూములలోను, సార్టింగు బల్లల దగ్గర, గ్యాంగు పాకలలోను ఆ మాట వినని వారు మనలో ఎవరూ ఉండరు. "ఇంకెన్నాళ్లండీ ఈ నౌకరీ! వచ్చే డబ్బేదో తీసుకొని చిన్న వ్యాపారం పెట్టుకుంటే మేలు" అన్నదే ఆ మాట.

ఈ మాట అన్నవారిలో అత్యధికులు వెళ్లిపోరు. విరమణ వయస్సు వరకు మనతోనే ఉంటారు. అందువల్ల మనం దానిని రెండు విధాలుగా త్రోసిపుచ్చుతూ వచ్చాము. కొందరు కార్యకర్తలు అది మధ్యతరగతి భ్రమ అని నవ్వి ఊరుకుంటారు. మరికొందరు అది ఆయన స్వంత విషయం, సంఘానికి సంబంధం లేదని ప్రక్కకు తప్పుకుంటారు. ఈ రెండూ పొరపాట్లేనని నా అనుభవం. స్వంత వ్యాపారం అన్న మాట అనేక సందర్భాలలో వ్యాపారం మీది కోరిక కాదు. అది మన కార్యాలయం దాకా చేరని ఒక అర్జీ. దానిని చదవడం మనం నేర్చుకోవాలి.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. నేను బ్రాంచి కార్యదర్శిగా ఉన్న రోజులలో ఒక ఫిట్టరు సాయంకాలం వేళ సంఘ కార్యాలయానికి వచ్చాడు. 22 సంవత్సరాల సర్వీసు పూర్తయినదని, స్వచ్ఛంద విరమణ తీసుకొని మోటారు వైండింగు దుకాణం పెట్టుకోదలచానని అన్నాడు. నేను బీరువాలోంచి నియమాల పుస్తకం తీసి, ఎన్ని నెలల నోటీసు ఇవ్వాలో, పింఛనులో ఎంత భాగం కమ్యూటు చేయవచ్చునో, ఏ కాగితం ఎక్కడ దాఖలు చేయాలో చెప్పాను. పది నిమిషాల పని. సంఘం తరపున సేవ చేశానని తృప్తి పడ్డాను.

రెండేళ్ల తరువాత బజారులో ఆయన దుకాణం ముందే కలిశాడు. టీ తెప్పించాడు. త్రాగుతూ నెమ్మదిగా అన్నాడు: "అన్నా, ఫారం ఎట్లా నింపాలో చక్కగా చెప్పారు. ఎందుకు నింపుతున్నావని మాత్రం అడగలేదు."

విచారిస్తే తేలినది ఇది. ఆయన తల్లి పక్షవాతంతో మంచాన పడింది. స్వగ్రామానికి దగ్గరి డిపోకు బదిలీ కోరుతూ మూడుసార్లు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. దరఖాస్తు ఎక్కడ ఆగినదో కనుక్కొనే ఓపిక నశించి, పైఅధికారి నోట ఒక మాట పడి, ఉద్యోగమే వదులుకున్నాడు. ఆ రోజు నేను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, నాలుగో దరఖాస్తు సంఘం పక్షాన వెళ్లి ఉండేది. దుకాణం నడుస్తున్నది, కుటుంబానికి లోటు లేదు. కానీ పండుగనాడు కూడా షట్టరు దించలేనని ఆయనే చెప్పాడు. ఆయన కోరినది బదిలీ, దొరికినది వ్యాపారం.

కారణాలు ఏమిటి?

ఆ తరువాత ఈ మాట అన్న ప్రతి సభ్యుడినీ కూర్చోబెట్టి అడుగుతూ వచ్చాను. వారు చెప్పిన కారణాలను కొన్ని తరగతులుగా మీ ముందుంచుతాను.

మొదటిది, ఎదుగుదల లేకపోవడం. ఆరవ వేతన సంఘం తరువాత 2008 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన సవరించిన పదోన్నతి పథకం క్రింద 10, 20, 30 సంవత్సరాల సర్వీసుకు ఆర్థికంగా పై మెట్టు లభిస్తుంది. అది మన పోరాట ఫలితమే, దానిని తక్కువ చేయను. కానీ జీతం మెట్టు మారినా చేతిలో పని మారదు, హోదా మారదు. పట్టభద్రులైన యువకులు ట్రాక్ మెయింటెయినర్లుగా చేరుతున్నారు. శాఖాపరమైన పరీక్షలు సకాలంలో జరగకపోతే, చదివిన చదువుకూ చేసే పనికీ మధ్య ఉన్న దూరం ఏటేటా మనస్సులో పెరుగుతుంది. అటువంటి యువకుడు వ్యాపారం గురించి మాట్లాడుతున్నాడంటే, తన తెలివితేటలు ఉపయోగపడే చోటు కావాలని అడుగుతున్నాడన్న మాట.

రెండవది, కాలం మీద, గౌరవం మీద అధికారం లేకపోవడం. ఖాళీలు నింపకపోతే ఇద్దరి పని ఒకరు చేయాలి. సెలవు అడిగితే ప్రత్యామ్నాయం లేదంటారు. బిడ్డ పెళ్లిచూపులకు సెలవు దొరకని లోకో పైలట్, తండ్రి ఆబ్దికానికి వెళ్లలేని పోస్ట్‌మ్యాన్ "నా దుకాణమైతే నేనే మూసుకొని పోయేవాడిని కదా" అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. దుకాణం నిజానికి అంత సులభంగా మూయడానికి వీలుండదన్నది వేరే సంగతి. ఆయన కోరుతున్నది లాభం కాదు. తన రోజు మీద తనకు కొంత హక్కు.

మూడవది, అప్పు. ఇది బయటకు చెప్పుకోలేని కారణం, కనుక అన్నిటికంటె ప్రమాదకరమైనది. కుమార్తె పెళ్లికో, ఆసుపత్రికో, ఇంటికో తెచ్చిన బాకీ వడ్డీతో పెరిగి జీతాన్ని మించిపోతుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవు జీతం కలిపి ఒకేసారి చేతికి వస్తే బాకీ తీరుతుందని ఆలోచన. కానీ "అప్పు తీర్చడానికి ఉద్యోగం మానుకుంటున్నాను" అని ఏ ఇంటి యజమానీ నలుగురిలో చెప్పలేడు. "వ్యాపారం పెట్టుకుంటున్నాను" అంటే పరువుగా ఉంటుంది. ఇటువంటి సభ్యుని చేతికి వచ్చిన డబ్బు దుకాణం దాకా చేరదు. ఋణదాత దగ్గరే ఆగిపోతుంది. తరువాత ఉద్యోగమూ లేదు, వ్యాపారమూ లేదు.

నాలుగవది, రేపటి భయం. 2004 జనవరి 1 తరువాత కేంద్ర ప్రభుత్వ సర్వీసులో చేరినవారికి పాత పింఛను లేదు. కరోనా కాలంలో మూడు విడతల కరువు భత్యాన్ని నిలిపివేసి, 2020 జనవరి నుండి 2021 జూన్ వరకు 18 నెలల బకాయి ఇవ్వకుండా వదిలివేశారు. ప్రభుత్వోద్యోగం రాతిమీద కట్టిన ఇల్లు అన్న నమ్మకం ఇటువంటి చర్యలతో సడలింది. ఈ విషయంలో తపాలా మిత్రులకు దగ్గరి ఉదాహరణ ఉన్నది. ఒకప్పుడు మన తంతి తపాలా శాఖలో భాగంగా ఉండి, 1985లో వేరై, 2000 అక్టోబరు 1న భారత్ సంచార్ నిగమ్‌గా మారిన టెలికాం సంస్థను తలచుకోండి. 2019లో అక్కడ జీతాలు నెలనెలా సక్రమంగా అందలేదు. అదే సంవత్సరం నవంబరులో 50 ఏళ్లు నిండిన ఉద్యోగులకు స్వచ్ఛంద విరమణ పథకం తెరిచారు. 78 వేలకు పైగా ఉద్యోగులు దరఖాస్తు చేసి, 2020 జనవరి 31న ఒక్కరోజే బయటకు నడిచారు. అన్ని వేలమందికి ఒకే నెలలో వ్యాపారం మీద మోజు పుట్టిందని ఎవరైనా నమ్మగలరా? జీతం ఎప్పుడు వస్తుందో తెలియని చోట "స్వచ్ఛందం" అనే మాటకు ఎంత అర్థం ఉంటుందో మీరే ఆలోచించండి.

ప్రభుత్వరంగ సంస్థలలో ఈ పద్ధతి 1988లోనే మొదలైనది. 1992 ఫిబ్రవరిలో జాతీయ పునరుద్ధరణ నిధిని నెలకొల్పినప్పుడు, బయటకు వచ్చిన కార్మికులకు పునఃశిక్షణ ఇచ్చి స్వయం ఉపాధి చూపుతామని చెప్పారు. ఆచరణలో ఆ నిధిలో అధికభాగం విరమణ చెల్లింపులకే ఖర్చయినది. బయటకు పంపడానికి డబ్బు దొరికింది, నిలబెట్టడానికి దొరకలేదు.

అయిదవది కొంత విచిత్రమైనది. వ్యాపారం చేయడం మన శాఖలే నేర్పుతున్నాయి. తపాలా జీవిత బీమా 1884 నుండి ఉన్నదే. గ్రామీణ తపాలా జీవిత బీమా 1995లో వచ్చింది. 2018 సెప్టెంబరులో తపాలా చెల్లింపుల బ్యాంకు వచ్చింది. ఈనాడు ఉత్తరం పంచే ఉద్యోగి ఖాతాలు తెరిపించాలి, పాలసీలు కట్టించాలి, లక్ష్యాలు పూర్తి చేయాలి. నెల చివర లక్ష్యం తగ్గితే సంజాయిషీ చెప్పుకోవాలి. ఇల్లిల్లూ తిరిగి నమ్మకం సంపాదించి సరుకు అమ్మే నేర్పు వచ్చిన తరువాత "ఈ కష్టమేదో నాకోసమే పడితే?" అన్న ప్రశ్న రావడం సహజమే.

గ్రామీణ డాక్ సేవకుల విషయంలో ఇది మరింత స్పష్టం. వారు సివిల్ పదవిలో ఉన్నవారేనని 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా నేటికీ వారిని శాఖ పూర్తి ఉద్యోగులుగా చూడదు. పైగా ఈ పని గాక వేరే జీవనాధారం ఉండాలని వారి నిబంధనలే షరతు పెడుతున్నాయి. ఒకే తపాలా శాఖ ఒక ఉద్యోగితో "వ్యాపారం చేస్తే శిక్ష" అంటుంది. అతని ప్రక్కన నిలబడిన సేవకునితో "వేరే రాబడి లేకుంటే నీకీ పని లేదు" అంటుంది. పల్లెలో ఒక గదిలో కిరాణా సరుకు, ప్రక్క గదిలో తపాలా ముద్ర పెట్టుకొని బ్రతికే మన సోదరులు వ్యాపారం వైపు చూడడం లేదు. శాఖే వారిని అందులో నిలబెట్టింది.

చివరిది, నిజమైన అభిరుచి. ఇది లేదని అనను. ఏళ్ల తరబడి పని నేర్చుకొని, ఇంటివారితో లెక్క చూసుకొని, అప్పు లేకుండా, కోపం లేకుండా బయలుదేరేవారు ఉన్నారు. సాంకేతిక విభాగాలలో చేతిపని తెలిసినవారు, తోటలు, పాడి చూసుకోగలవారు ఉన్నారు. వారిని ఆపడం సంఘం పని కాదు. వారికి పూలదండ వేసి పంపాలి. కానీ మిగిలిన అయిదు కారణాలతో వెళ్లేవారిని ఈ కోవలో కలిపి దండ వేయడం మాత్రం మన బాధ్యత నుండి తప్పుకోవడమే.

నియమాలు ఏమంటున్నాయి?

ఉద్యోగంలో ఉంటూనే ప్రక్కన వ్యాపారం చేయవచ్చునా అని అడిగేవారికి మీరు స్పష్టంగా చెప్పాలి. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి, 1964లోను, రైల్వే సర్వీసుల ప్రవర్తన నియమావళి, 1966లోను ఈ విషయం చెప్పేది 15వ నియమమే. ముందుగా అనుమతి లేకుండా ప్రత్యక్షంగా గాని, పరోక్షంగా గాని ఏ వ్యాపారమూ చేయరాదు. భార్య పేర, కుమారుని పేర దుకాణం ఉంటే ఆ సంగతి శాఖకు తెలియజేయాలి. వారి బీమా ఏజెన్సీ కొరకు ఉద్యోగి స్వయంగా ప్రచారం చేయడం కూడా నియమోల్లంఘనే. ఇంటివారి వ్యాపారాన్ని దాచిన ఉద్యోగి తన జుట్టు పైవారి చేతికి ఇచ్చినట్లే. నేడు చూసీచూడనట్లు ఊరుకున్న అధికారి, రేపు ఆ ఉద్యోగి సమ్మె నోటీసు మీద సంతకం పెట్టిన నాడు ఆ కాగితం బయటకు తీస్తాడు. కనుక వ్రాతపూర్వకంగా తెలియజేసి రసీదు దగ్గర ఉంచుకొమ్మని చెప్పండి.

రెండవ హెచ్చరిక. రాజీనామా వేరు, స్వచ్ఛంద విరమణ వేరు. పాత పింఛను నియమాల క్రిందికి వచ్చేవారు 20 సంవత్సరాల సర్వీసు తరువాత మూడు నెలల నోటీసుతో విరమిస్తే పింఛను ఉంటుంది. స్వంత పనికోసం రాజీనామా ఇస్తే గత సర్వీసంతా రద్దవుతుంది. 1990లో రాజీనామా చేసిన ఒక విద్యుత్ సంస్థ ఉద్యోగి, 20 ఏళ్లు పనిచేశాను కనుక పింఛను ఇవ్వాలని ఏళ్ల తరబడి పోరాడాడు. రాజీనామా రాజీనామాయేనని 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితం మీద ఒక్క మాట తేడా. జీవితకాలపు కూడు తేడా.

2025 ఏప్రిల్ 1 నుండి వచ్చిన ఏకీకృత పింఛను పథకాన్ని ఎంచుకొన్న యువ సభ్యులు మరొక సంగతి గమనించాలి. అందులో స్వచ్ఛంద విరమణ చేసినవారికి హామీ పింఛను ఆ మరునాటి నుండి మొదలు కాదు. వయస్సు ప్రకారం విరమించవలసిన తేదీ వచ్చినప్పుడే మొదలవుతుంది. 48 ఏళ్లకు బయటకు వచ్చినవాడు 60 ఏళ్ల వరకు, అంటే 12 సంవత్సరాలు ఆ పింఛను లేకుండా తన దుకాణం మీదనే బ్రతకాలి.

లెక్క చూద్దాము

ఒక సభ్యునికి అన్నీ కలిపి 20 లక్షలు వచ్చాయనుకొందాము. అంతా దుకాణంలో పెట్టాడు. అదే సొమ్ము 7 శాతం వడ్డీకి భద్రంగా ఉంచితే సంవత్సరానికి 1,40,000, నెలకు సుమారు 11,600 రూపాయలు కదలకుండా వచ్చేవి. కనుక దుకాణం నెలకు ఇరవై వేలు మిగిల్చినదంటే అందులో 11,600 వ్యాపార లాభం కాదు, తన సొమ్ముకు వడ్డీ మాత్రమే. మిగిలిన 8,400 రోజుకు పన్నెండు గంటలు నిలబడిన తనకు, మధ్యాహ్నం గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భార్యకు, బడి నుండి వచ్చి పొట్లాలు కట్టిన కుమారునికి కలిపి వచ్చిన కూలి. ఈ లెక్క వేసుకొని వెళ్లేవారు ఎందరు?

దేశం మొత్తం మీద చిత్రమూ ఇదే చెబుతున్నది. 2023-24 ప్రభుత్వ సర్వే ప్రకారం వ్యవసాయేతర అసంఘటిత సంస్థలు 7.34 కోట్లు; వాటిలో పనిచేసేవారు 12.06 కోట్లు. అంటే సగటున ఒక్కొక్క సంస్థలో ఇద్దరు కూడా లేరు. యజమాని అని మనం పిలుచుకొనే మనిషి చాలాచోట్ల తనకు తానే కూలి. వారిని చిన్నచూపు చూడమని నేను చెప్పడం లేదు, వారు కూడా శ్రామికులే. కానీ కరువు భత్యం, వారపు సెలవు, వైద్య సదుపాయం లేని శ్రామికులు. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన రైల్వే సమ్మెలో తొలగింపునకు గురైన మా పెద్దలు కొందరు టీ బండ్లు నడిపి పిల్లలను పోషించిన సంగతి చెప్పేవారు. 1977లో తిరిగి తీసుకొన్నప్పుడు బండి అమ్మి పనిలో చేరామని చెప్పేటప్పుడు వారి గొంతులో వ్యాపారం పోయిందన్న బాధ నేనెన్నడూ వినలేదు.

మన కర్తవ్యం

ఇక సంఘం ఏమి చేయాలి? నా సూచనలు నాలుగు.

ఒకటి, స్వచ్ఛంద విరమణ కాగితం కోసం వచ్చిన ప్రతి సభ్యుని "ఎందుకు?" అని అడగండి. ఒంటరిగా, తలుపు దగ్గరగా వేసి అడగండి. మొదటి జవాబుతో తృప్తి పడవద్దు. వ్యాపారం అన్న జవాబు తరువాత కొంతసేపు ఊరుకుంటే అసలు జవాబు వస్తుంది.

రెండు, మూడు నెలల నోటీసు కాలాన్ని వృథా పోనివ్వకండి. బదిలీ, సెలవు, వేధింపు, ఏది కారణమైతే దానిని ఆ గడువులోనే అధికారుల ముందు పెట్టండి. నోటీసు ఇచ్చిన తరువాత కూడా దారి మూసుకుపోదు. విరమణ తేదీ రాకముందే, నియామకాధికారి అనుమతితో దానిని ఉపసంహరించుకోవచ్చు. ఈ విషయమై 1987లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఉన్నది. ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలోని అకౌంటెంటు స్వచ్ఛంద విరమణకు నోటీసు ఇచ్చాడు. తోటి సిబ్బంది వదలకుండా బ్రతిమాలగా మనస్సు మార్చుకొని గడువుకు ముందే నోటీసు వెనుకకు తీసుకొన్నాడు. శాఖ ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు ఆయన పక్షాననే తీర్పు చెప్పింది. చట్టం సంగతి అటుంచండి. ఆ మనిషిని నిలబెట్టినది ప్రక్క కుర్చీలలోని వారి మాట. నా ఫిట్టరు మిత్రునికి ఆ మాట నేను చెప్పలేకపోయాను.

మూడు, అప్పుల విషయం సిగ్గుపడవలసినది కాదన్న వాతావరణం కల్పించండి. ఉద్యోగుల సహకార పరపతి సంఘాలు పెళ్లి అప్పులకే పరిమితం కాకూడదు. అధిక వడ్డీ బాకీలో మునిగిన సభ్యుని బాకీని మార్పించి, వాయిదాలు కుదిర్చి నిలబెట్టడం వాటి మొదటి పని కావాలి.

నాలుగు, మీ బ్రాంచిలో గడువుకు ముందే వెళ్లిన ప్రతి వ్యక్తి కారణాన్ని ఒక పుస్తకంలో, పేరు బయటపెట్టకుండా వ్రాసి ఉంచండి. సంవత్సరం చివర దానిని తీసుకొని సంప్రదింపుల సమావేశానికి వెళ్లండి. "ఇంతమంది వ్యాపారం మీద మోజుతో వెళ్లారు" అని యాజమాన్యం చెప్పినప్పుడు, "కాదు, ఇంతమంది సెలవు దొరకక, ఇంతమంది బదిలీ కాక, ఇంతమంది పరీక్ష జరపక వెళ్లారు" అని చెప్పగలగాలి. ఒక్కొక్కరుగా వెళ్లిన దుఃఖం అప్పుడు అందరి కోర్కెగా మారుతుంది.

సోదరులారా, ఉద్యోగం మానుకొనే హక్కు ప్రతి మనిషికీ ఉన్నది. ఇష్టంతో వెళ్లేవానికి మనం అడ్డు రాము. కానీ విసిగి వెళ్లేవాడు తన సమస్యను వెంట తీసుకుపోడు. దానిని తన కుర్చీలోనే వదిలిపోతాడు. రేపు ఆ కుర్చీలో కూర్చొనే కుర్రవానికి అదే బదిలీ, అదే సెలవు, అదే అవమానం ఎదురవుతుంది. అందువల్ల వెళ్లిపోతానన్న మాట వినబడినప్పుడు నియమాల పుస్తకం కంటే ముందు ఒక కుర్చీ జరిపి, ఆ సోదరుని కూర్చోబెట్టండి. ఆ మాట ఎక్కడ పుట్టిందో కనుక్కోండి. మన పని అక్కడే మొదలవుతుంది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!